ఎక్కని కొండ, రాసిన సున్నాలు

మార్చి 4

పొట్టిదానా,

మావయ్య రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, మీ అత్తా, నా కుడి మోకాలూ. ఈ ఇంట్లో మోకాలుని వేరే మనిషిగానే లెక్కేస్తున్నాం, ఇప్పుడు దాని మాటే చెల్లుతోంది కాబట్టి.

నీ ఉత్తరం బస్సు డ్రైవరు తెచ్చిచ్చాడు. ఫోను చెయ్యకుండా రాసి మంచిపని చేశావు. ఫోనులో నీ మాట నా చెవికి ఎక్కదు, నా మాట వీధి మొత్తం వింటుంది. నా రాత చూసి నవ్వుకోకు. దోమల మందు డబ్బాలు మోసే కూలీగా చేరి, డబ్బాల మీద ఉన్న అక్షరాలు చూస్తూ నేర్చుకున్న చదువు ఇది. అందుకే నాకు తప్పుల్లేకుండా వచ్చిన మొదటి మాట "విషం".

ఇక విషయం. కొండ మీద నీ ఆస్పత్రికి చలిజ్వరం మనుషులు వస్తున్నారనీ, దోమతెరలు పంపమంటే పెద్దాఫీసరు "కింద ఎక్కడో కుట్టి ఉంటుంది" అని పాత రిజిస్టర్లు తెరిచి నీ మొహాన పెట్టాడనీ రాశావు. పందొమ్మిదేళ్ళు, ప్రతి నెలా, కొండ మీద దోమలు సున్నా. ఆ రాత నీదేనా మావయ్యా అని అడిగావు. నాదే. చూడగానే పోల్చుకోవద్దూ? నా సున్నా గుడ్డులాగా ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది.

నా ఉద్యోగం ఏమిటో నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. మీ అమ్మకి సిగ్గు, "మా అన్నయ్య ఆరోగ్యశాఖలో" అని ఊరుకునేది. నేను దోమలు పట్టేవాణ్ణి. తెల్లారగట్ల పశువుల కొట్టాల్లో, మంచాల కింద, వేలాడేసిన బట్టల వెనక టార్చి వేసి చూడాలి. గోడ మీద దోమ కనిపిస్తే గాజు గొట్టం దాని మీద పెట్టి, రబ్బరు కొస నోట్లో పెట్టుకుని లోపలికి పీల్చాలి. పీల్చినదాన్ని సీసాలోకి ఊది, దూది పెట్టి, చీటీ అంటించి, ఎన్ని దొరికాయో రిజిస్టరులో రాయాలి. ముప్పై ఏళ్ళు ఇదే పని. దోమ జనాన్ని పీల్చింది, నేను దోమని పీల్చాను. మా ఇద్దరిలో బాగుపడింది దోమే.

కొండ అడుగునున్న ఊళ్ళో పీల్చి పీల్చి బుగ్గలు నొప్పెట్టేవి. నీ ఆస్పత్రి ఊళ్ళో ఏమీ ఉండేది కాదు. దానికి పైనున్న పధ్నాలుగిళ్ళ దగ్గర అసలే లేదు. ఎందుకంటే చలి. దోమ కడుపులో జ్వరం పండాలంటే కొన్నాళ్ళు వేడి కావాలి. చలిలో అది పండేలోపు దోమే చస్తుంది. కాబట్టి నీ జ్వరం మనుషులు కింద సంతకి దిగి, కుట్టించుకుని, పైకి మోసుకొచ్చిన బాపతు. పెద్దాఫీసరు చెప్పింది నిజం. పెద్దాఫీసర్లు నిజం చెప్పడం నేను చూడటం ఇది రెండోసారి.

నమ్మకం లేకపోతే నువ్వే పట్టి చూడు. నా పాత గొట్టం డ్రైవరుతో పంపుతున్నాను. నాలుగు వారాలు వెతుకు. నీకూ నా సున్నాయే వస్తుంది.

మీ మావయ్య,
దోమల పాలిట యముడు (ఇది నేను పెట్టుకున్న పేరు. మీ అత్త పెట్టినది ఇక్కడ రాయను.)


మార్చి 15

మావయ్యకీ, అత్తయ్యకీ, మోకాలికీ నమస్కారం.

నాలుగు వారాలు అక్కర్లేకపోయింది. మొదటి రోజే పదకొండు దొరికాయి. నిజానికి పన్నెండు. గొట్టం మధ్యలో వలగుడ్డ ముక్క ఉండాలట కదా, అది ఎప్పుడో ఊడిపోయిందని నాకెలా తెలుస్తుంది? ఒకటి మింగేశాను. నర్సు ఇంకా నవ్వుతూనే ఉంది. దోమల పాలిట యముడి మేనకోడలు దోమని భోంచేసిందని ఊరంతా చెప్పి వచ్చింది.

ఎక్కడ దొరికాయో తెలుసా? మన ఆస్పత్రిలోనే, ఉతికిన దుప్పట్లు ఆరేసే గది గోడ మీద. జ్వరం వచ్చినవాళ్ళలో ఒక ముసలావిడ మంచం దిగి ఆరేళ్ళయింది. ఆవిడ ఏ సంతకి దిగింది మావయ్యా?

నువ్వు చెప్పిన చలి ఇప్పుడు లేదు. ఇక్కడి టీచరు బడి గోడకి తగిలించిన ఉష్ణమాపకం చూసి పన్నెండేళ్ళుగా రోజూ రాసుకుంటున్నాడు. ఆ నోటుపుస్తకం నాకిచ్చాడు. చలికాలం ఇదివరకు నాలుగు నెలలు, ఇప్పుడు నెలన్నర. ఉన్ని కోట్లు అమ్మే కొట్టువాడు గొడుగులకి మారిపోయాడు. పైగా రోడ్డు కోసం రాయి కొట్టిన గుంతలు వరసగా ఉన్నాయి, వాననీళ్ళు నిండి, చెట్టు నీడ కూడా లేకుండా వెచ్చగా. దోమకి పురిటిగది కట్టించి ఇచ్చాం.

నీ సున్నాలు ఇప్పుడు నాకు బంగారం. కొత్తగా దోమ పాకిన ఊళ్ళకి తెరలు ముందుగా ఇచ్చే కోటా ఒకటి ఉంది. పదేళ్ళ కిందటి దాకా దోమ లేదని రుజువు చూపాలి. నువ్వు రిటైరై తొమ్మిదేళ్ళేగా! అప్పటిదాకా సున్నా, ఇప్పుడు పదకొండు. ఇంతకంటే రుజువేం కావాలి? ఇది కుదరకపోతే మామూలు వరసలో మూడేళ్ళు ఆగాలి. వానలు పడితే గుంతలు పొంగుతాయి. రెండొందల ఇళ్ళున్నాయి ఇక్కడ.

రిపోర్టు రాసేశాను. మొదటి పేజీలో నీ పేరు వేశాను. "పందొమ్మిదేళ్ళు ప్రతి నెలా కాలినడకన కొండ ఎక్కి లెక్క తీసిన మనిషి" అని. మే పదో తారీఖున పెద్దాఫీసరు దగ్గర మీటింగు.

ఆ సున్నాల గురించి నిన్నొక మాట అడగాలి. బస్సు హారను కొడుతున్నాడు. మళ్ళీ రాస్తాను.

నీ పొట్టిది


మార్చి 19

డాక్టరమ్మగారికి,

ఏమిటా అడగాల్సిన మాట? ఎవరేం చెప్పారు నీకు? కొండ అడుగున టీకొట్టువాడా? వాడి మాట నమ్మకు. నేను వాడి బల్ల మీద కూర్చున్నది నిజమే. కూర్చోకూడదా? కొండ ఎక్కేవాడు ఎక్కేముందు కూర్చుంటాడు, దిగినవాడు దిగాక కూర్చుంటాడు. మధ్యలో ఎంతసేపు కూర్చున్నాడని గడియారం పట్టుకుని చూశాడా వాడు?

పందొమ్మిదేళ్ళు పని చేసినవాడి సున్నాని అనుమానిస్తే ఇక ఏ అంకెని నమ్ముతారు? నా సున్నా సున్నాయే. ఎవడొచ్చి అడిగినా అదే చెప్తాను. దోమ లేనిచోట లేదని రాయడానికి పైకెక్కితే ఏమిటి, ఎక్కకపోతే ఏమిటి? ఉదాహరణకి అంటున్నాను.

మీ అత్త నా వెనక నిలబడి చదివి, "నిన్ను అడగకముందే ఇంత చెప్పావు, అడిగితే ఇంకెంత చెప్తావో" అని వంటింట్లోకి పోయింది. ఆవిడకి చదువు నాకంటే ఎక్కువ. అదే ఈ ఇంటికి పట్టిన జబ్బు.

నా పేరు తీసెయ్యి మొదటి పేజీలోంచి. నాకు పొగడ్తలు పడవు.

మావయ్య


మార్చి 27

మావయ్యా,

నీకేమైంది? నేను అడగాలనుకున్నది రిజిస్టరులో "వేళ" అనే గడి ఎందుకు ఖాళీగా ఉందని. ఎన్ని గంటలకి పట్టేవాడివో చెబితే నేనే నింపుతాను. అంతే. టీకొట్టువాడెవరో కూడా నాకు తెలీదు.

నీ కోపం గురించి రెండు రోజులు ఆలోచించాను. ఇప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఎవరూ నీ పనిని పని అనలేదు. అమ్మ సైతం దాచింది. ఇప్పుడు నేను వచ్చి ప్రశ్న అడిగేసరికి మళ్ళీ తక్కువ చేసినట్టు అనిపించింది. అవునా? తప్పు నాదే. నీ పేరు తీసెయ్యడం కాదు, ఇంకాస్త పెద్ద అక్షరాలతో వేయించాను. ఆ పేజీ ఇందులో పెట్టాను. పెద్దాఫీసరు చదివి, "ఇలాంటి మనుషులు ఇప్పుడెక్కడమ్మా, మీటింగులో అందరి ముందూ చదువుదాం" అన్నాడు.

నిన్న పై ఇళ్ళకి నడిచి వెళ్ళొచ్చాను. అలసట ఇంకా తీరలేదు, ఒళ్ళు విరగ్గొట్టినట్టుంది. రిటైరయ్యే వయసు దాకా నెలనెలా ఎలా ఎక్కావయ్యా?

నీ పొట్టిది


ఏప్రిల్ 2

పొట్టిదానా,

తెల్లారగట్ల అయిదు నుంచి ఏడు. ఆ గడిలో అలా నింపుకో.

నీ పేజీ చేరింది. సైకిల్ షాపు వాడికి చూపించాను. వాడు గట్టిగా చదివాడు. అక్కడున్న నలుగురూ నన్ను కొత్తగా చూశారు. ఒకడు లేచి స్టూలు ఇచ్చాడు. కూర్చున్నాను. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. మోకాలని చెప్పి ఇంటికొచ్చేశాను. మీ అత్త ఆ పేజీకి అద్దం కట్టిద్దామా అంది. మొహం చూస్తే నవ్వుతోందో లేదో తెలియలేదు. నలభై ఏళ్ళ నుంచీ అంతే.

పేరు చిన్నది చేయించు. వీలైతే కనిపించనంత.

మావయ్య


ఏప్రిల్ 20

అమ్మా పొట్టీ,

పద్దెనిమిది రోజులైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. రోజూ బస్సు దగ్గరికి వెళ్తున్నాను. డ్రైవరు నన్ను చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. నాకు అర్థమైంది. నీకు తెలిసిపోయింది. కోపంతో రాయడం మానేశావు. న్యాయమే. తిట్టించుకోకుండా ఉండటమే నాకు ఎక్కువ శిక్ష అని నీకెలా తెలిసిందో.

నీకు ఎవరు ఎంత చెప్పారో నాకు తెలియదు. మొత్తం నేనే చెప్తాను.

మొదటి పదకొండేళ్ళు ఎక్కాను. ఒట్టు. అప్పటికి రోడ్డు లేదు, మూడు గంటల నడక. ముందు రోజు ఎక్కి, ఎవరింట్లోనో పడుకుని, తెల్లారగట్ల వెతికేవాణ్ణి. పై ఇళ్ళకీ పోయేవాణ్ణి. ఏమీ దొరికేది కాదు. పదకొండేళ్ళు కొండెక్కి గోడలు చూసి దిగిన మనిషిని నేను. పన్నెండో ఏట మోకాలు వాచింది. ఆ నెల టీకొట్టు బల్ల మీద కూర్చుని అనుకున్నాను: పోయిన నెల సున్నా, వచ్చే నెలా సున్నా, ఈ నెల ఒక్కటీ ఏం మారుతుంది? రాశాను. చెయ్యి వణకలేదు. వణికినా బాగుండేది. తర్వాతి నెల వాపు తగ్గింది. కానీ సుఖం మరిగాను. అలా ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళ నిజం సున్నాలు, ఎనిమిదేళ్ళ బల్ల సున్నాలు. చూడటానికి అన్నీ ఒకలాగే ఉన్నాయి. అన్నీ ఒక పక్కకే ఒరిగి ఉన్నాయి.

మీ అత్తకి మొదటి నెలే తెలుసు. "జోళ్ళకి మట్టి అంటకుండా కొండెక్కి దిగిన మొనగాడివి" అంది. ఆ రోజు నుంచి ఇంటికొచ్చేముందు జోళ్ళకి మట్టి పూసుకునేవాణ్ణి. దోమలు పట్టడానికి పడని కష్టం దానికి పడ్డాను.

ఇంకా ఉంది. రోడ్డు పని మొదలైన ఏడు, పైనుంచి దిగిన ఒకావిడ నా సంచీ మీద ఆఫీసు ముద్ర చూసి ఆగింది. "అయ్యా, మా ఆయనకి రోజు విడిచి రోజు వణుకు వస్తోంది. ఇంట్లో ఏదో కుడుతోంది కూడా" అంది. రోజు విడిచి రోజు వణుకు అంటే ఏమిటో నాకు తెలియక కాదు. ఈ లోకంలో నాకు తెలిసింది అదొక్కటే. "కొండ మీద దోమ ఉండదమ్మా, కింద ఎక్కడో కుట్టి ఉంటుంది, రిజిస్టరు చూడు" అని తెరిచి చూపించాను. నా సున్నాలు నేనే సాక్ష్యం పెట్టాను. ఆవిడ పాపం నమ్మి వెళ్ళిపోయింది. పెద్దాఫీసరు నీతో అన్న మాట ఆయనది కాదు పొట్టీ. నాది. నా దగ్గర నేర్చుకున్నాడు.

కాబట్టి దోమ ఎప్పుడు ఎక్కిందో ఎవరికీ తెలియదు. తెలుసుకోడానికి జీతం తీసుకున్నవాడు కింద టీ తాగుతున్నాడు. నేను ఎక్కడం మానేసిన కొండని అది ఎక్కింది. దానికి మోకాళ్ళు ఆరు.

తిట్టు. రాసి తిట్టు.

మావయ్య


ఏప్రిల్ 26

మావయ్యా,

నాకు కోపం రాలేదు. జ్వరం వచ్చింది.

నీ పేజీ పంపిన మర్నాడే పడ్డాను. దుప్పట్ల గదిలో పదకొండింటిని పట్టినదాన్ని, అవి నన్ను ముందే పట్టాయని చూసుకోలేదు. అయిదు దుప్పట్లు కప్పినా నర్సు మంచం పట్టుకుని కూర్చోవాల్సి వచ్చిందట. నేను కొండ దిగి ఎనిమిది నెలలైంది, కింద కుట్టించుకున్నానని ఎవరూ అనలేరు. డ్రైవరుతో చెప్పొద్దని నర్సుకి నేనే చెప్పాను, నువ్వు కంగారు పడతావని. పిచ్చిపని చేశాను. ఇప్పుడు లేచి కూర్చుంటున్నాను, సంతకం పెట్టే ఓపిక ఉంది.

అందుకని నాకేమీ తెలియదు మావయ్యా. ఎవరూ ఏమీ చెప్పలేదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది. కోపం ఇప్పుడొచ్చింది.

ఆవిడ సంగతి చదివి ఉత్తరం కింద పెట్టేశాను. సాయంత్రం దాకా మళ్ళీ తీయలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? రిపోర్టు పెద్దాఫీసరు చేతిలో ఉంది. నీ చివరి నిజమైన సున్నా పదిహేడేళ్ళ కిందటిది, కోటాకి పదేళ్ళు కావాలి. నిజం చెబితే రెండొందల ఇళ్ళకి తెరలు రావు. చెప్పకపోతే వస్తాయి, నీకూ నాకూ అత్తయ్యకీ తప్ప ఎవరికీ తెలియదు. మంచం మీద పడుకుని నోరు మూసుకుందామనే అనుకున్నాను. తర్వాత ఇంకోటి తట్టింది. ఈ అబద్ధం నిలబడితే, రేపు ఇంకెవరో ఇంకో కొండ మీద ఏ ఏట దోమ వస్తుందో నీ ఎనిమిదేళ్ళు చూసి లెక్క కడతారు. తప్పు కడతారు.

నీ సున్నాలు. నువ్వే తేల్చు. నా చేత కొట్టేయించకు.

పొట్టిది


మే 11

పొట్టిదానా,

ముందు నువ్వు కిందికి దిగు. డాక్టరుకి జ్వరం తిరగబెట్టిందని నర్సు రాసింది, నిన్ను అడక్కుండానే. ఇప్పుడు ఆ ఊళ్ళో ఇంగితం ఉన్నది ఆవిడొక్కదానికే. నువ్వు మా ఇంట్లో మీ అత్త చేతి కింద పదిహేను రోజులు పడుకో. ఎందుకు "మా ఇంట్లో" అంటున్నానో, నేనెక్కడ ఉంటానో చదువు.

నిన్న మీటింగుకి వెళ్ళాను. పిలవలేదు, వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. పెద్దాఫీసరు నన్ను చూసి, "అదుగో ఆయనే" అని లేచి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆగాను. నిజం చెప్తాను, ఒక నిమిషం ఎక్కువే ఆగాను. మళ్ళీ ఎప్పుడూ దొరకవు కదా.

తర్వాత చెప్పాను. "అయ్యా, ఇందులో ఎనిమిదేళ్ళు నేను ఎక్కలేదు."

"ఏమిటి ఎక్కలేదు?"

"కొండ."

"మరి లెక్క?"

"కింద కూర్చుని రాశాను."

ఆయన కూర్చున్నాడు. మిగతావాళ్ళు కూడా కూర్చున్నారు. గదిలో నిలబడింది నేనొక్కణ్ణే, అదీ ఒంటి మోకాలి మీద. "ఈ వయసులో ఇప్పుడెందుకయ్యా చెప్పడం, ఎవరడిగారు నిన్ను?" అన్నాడు ఆయన, కోపం కంటే విసుగ్గా.

"అక్కడ మా పొట్టిదానికి జ్వరమొచ్చిందండీ" అన్నాను. పొట్టిదెవరు అన్నాడు. డాక్టరమ్మ అన్నాను. పక్కనెవరో నవ్వారు. నవ్వితే గది కాస్త వదులైంది.

ఆయన ఎర్ర కలంతో ఎనిమిదేళ్ళూ అడ్డంగా కొట్టేశాడు. గీత గీతకీ నా ఒంటి మీద గీసినట్టే ఉంది. కోటా పోయింది. కానీ వానలకి ముందు పంచడానికి ఆయన చేతిలో కొన్ని అత్యవసరపు తెరలు ఉన్నాయట. "ఎక్కడ దోమని పట్టి చూపితే అక్కడికి ఇస్తాను. ఊరూరికీ లెక్క కావాలి. అనుభవం ఉన్నవాడు పట్టాలి, డాక్టరమ్మ మింగినవి లెక్కకి రావు" అన్నాడు. ఆ సంగతి ఆయనదాకా ఎలా పోయిందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. సైకిల్ షాపులో మాత్రమే చెప్పాను.

దోమలు పట్టేవాళ్ళు ఎవరున్నారంటే ఒక్కరూ లేరట. నేను రిటైరయ్యాక ఆ ఉద్యోగమే తీసేశారట, కొండ మీద ఎలాగూ సున్నా కదా అని. అదీ నా చలవే. "నేనున్నాను" అన్నాను. ఆయన నా మోకాలి వంక చూశాడు. "బస్సుందిగా ఆస్పత్రి ఊరిదాకా" అన్నాను. "పై ఇళ్ళకి?" అన్నాడు. నేను సంచీ తీసుకుని వచ్చేశాను.

రేపటి బస్సులో నేను పైకి, ఆ బస్సులోనే తిరుగు ప్రయాణంలో నువ్వు కిందికి. మనం బస్సు దగ్గర కలుస్తాం. అక్కడ ఏమీ మాట్లాడకు, నాకు వినపడదు. నీ గది తాళం ఇచ్చి ఎక్కు.

మావయ్య


మే 18

మావయ్యా,

తాళం ఇస్తూ నీ చెయ్యి పట్టుకున్నాను చూడు, అది తిట్టే. వినపడి ఉంటుంది.

అత్తయ్య నన్ను మంచం దిగనివ్వడం లేదు. నీ గొట్టానికి కొత్త వలగుడ్డ తనే కుట్టి నీ సంచీలో పెట్టానని చెప్పింది. నేను అడిగాను, "అన్నేళ్ళూ తెలిసి ఎందుకు ఊరుకున్నావు అత్తయ్యా?" అని. ముందు మందు తాగించింది. తర్వాత, "ఎక్కమంటే ఆయన మోకాలు పోతుందని భయం. ఎక్కకపోతే కొండ మీద వాళ్ళకేమవుతుందో నాకేం తెలుసు, నేనెప్పుడూ చూడలేదు వాళ్ళని" అంది. ఇప్పుడు నన్ను చూస్తోంది కదా, అదేపనిగా దుప్పటి సర్దుతోంది.

నాకొకటే దిగులు, పై ఇళ్ళు. అక్కడ పధ్నాలుగిళ్ళలో తొమ్మిది మంది చిన్నపిల్లలు. అక్కడినుంచి ఆస్పత్రికి మోసుకురావాలంటే రెండు గంటలు. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు దోమ అక్కడికీ చేరుతుంది, టీచరు నోటుపుస్తకం చూస్తే తెలిసిపోతోంది. పెద్దాఫీసరు పట్టి చూపమన్నాడు కదా. ఒక్కటి చాలు మావయ్యా. ఒక్కటి దొరకాలని కోరుకుంటున్నాను. డాక్టరు కోరుకోవలసిన కోరికేనా ఇది?

దొరక్కపోతే ఏం చేస్తావు?

పొట్టిది


మే 24

పొట్టిదానా,

లెక్క ముందు రాస్తాను, సోది తర్వాత. అడుగు ఊరు: ముప్పై నాలుగు. ఆస్పత్రి ఊరు: పధ్నాలుగు, అందులో అయిదు నీ మంచం కిందే. రెండొందల ఇళ్ళ తెరలు ఎల్లుండి బస్సులో వస్తున్నాయి. ఫోను వచ్చింది, నర్సు విని కాగితం మీద రాసి చూపించింది.

రోడ్డు పని రోజుల్లో నా దగ్గర ఆగిన ఆవిడ సంగతి ఇక్కడ అడిగాను. ఎవరికీ తెలియదు. ముగ్గుర్ని అడిగితే ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ళ పేర్లు చెప్పారు. ఆయన బతికాడో లేదో తెలియకుండానే పోతాను నేను. అది నాకు సరిపోయేదే.

ఇక పై ఇళ్ళు. రెండు గంటల దారి నాకు ఆరు గంటలు పట్టింది. చివర్లో కూర్చుని జరిగాను. ఒకావిడ గొర్రెలతో నా పక్కనుంచి పైకి పోయింది, మళ్ళీ దిగుతూ కనిపించింది, మళ్ళీ పైకి పోతూ కనిపించింది. మూడోసారి, "తాతా, ఎవరినైనా పిలవనా, మోస్తారు" అంది. వద్దన్నాను. మోసుకెళ్తే ఎక్కినట్టు కాదు కదా.

ఆవిడ ఇంట్లోనే పడుకున్నాను. రెండు తెల్లవారుజాములు పధ్నాలుగిళ్ళూ, కొట్టాలూ, గొర్రెల దొడ్డీ, బట్టల వెనకా, మంచాల కిందా వెతికాను. నేలకి చెవి ఆనించి చూడని చోటు లేదు, వినపడకపోయినా.

అక్కడ ఒక సంగతి జరిగింది, రాయకుండా ఉంటే మళ్ళీ ఎనిమిదేళ్ళు మోయాలి. రెండో రోజు తెల్లారాక వట్టి చేతులతో గడప మీద కూర్చున్నాను. నా సంచీలో ఆస్పత్రి ఊళ్ళో పట్టిన పధ్నాలుగు సీసాలున్నాయి. ఒక్క సీసా మీద చీటీ మారిస్తే చాలు. తొమ్మిది మంది పిల్లలకి తెరలు. ఒకప్పుడు సోమరితనానికి తప్పు రాశాను, ఇప్పుడు మంచికే కదా రాసేది అనుకున్నాను. చీటీ సగం పీకాను కూడా. గోరుతో. పొట్టీ, చెయ్యి ఈసారి వణికింది. వణికితే నాకు సంతోషమేసింది. జిగురు రాసి మళ్ళీ అంటించాను. వంకరగా అంటుకుంది.

పై ఇళ్ళు: సున్నా.

ఆ దోమ ఇంకా నాకంటే కింద ఉంది. ఇన్నేళ్ళకి దానికంటే ముందు ఎక్కాను. కానీ నీకు తెరలు తేలేకపోయాను అక్కడికి. తిట్టుకో.

నేను రాసుకుంటుంటే ఆ గొర్రెలావిడ వచ్చి నిలబడింది. "ఏముంది తాతా మా ఇళ్ళల్లో?" అంది.

"ఏమీ లేదు."

"మంచిదేనా?"

"ఇవాళ్టికి మంచిదే."

"మరి వస్తుందా?"

"వస్తుంది. చలి ఇలాగే తగ్గితే వస్తుంది. వచ్చిన నెలలోనే పట్టుకుంటే పిల్లల్ని కాపాడుకోవచ్చు."

"ఎలా తెలుస్తుంది వచ్చిందని?"

"నెలనెలా ఎవరో ఒకరు ఎక్కి చూడాలి."

ఆవిడ నా మోకాలి వంక చూసింది. బండరాయిలా వాచి ఉంది. "ఎవరెక్కుతారు?" అంది.

ఆవిడకి జవాబు చెప్పలేదు. నీకు చెప్తున్నాను. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున కొండ మీదికెళ్ళే బస్సులో ముందు సీటు నాకు ఆపమని డ్రైవరుతో చెప్పు. మీ అత్తకి మాత్రం నువ్వే చెప్పాలి. నాకంత ధైర్యం లేదు.

మీ మావయ్య